మొర్రి పెదవి, మచ్చ మోము: మన కర్తవ్యము

మన పావగడ ప్రాంతపు తెలుగు ఇండ్లలో పెదవి చీలి పుట్టిన శిశువును చూడగనే పెద్దల నోట వచ్చు మాట ‘గ్రహణపు మొర్రి’. ఆ పేరులోనే ఒక నింద దాగియున్నది. గ్రహణ సమయమున తల్లి కత్తిపీట ముట్టినదనియో, కదలక పండుకొనలేదనియో, అందుచేతనే బిడ్డకిట్లయినదనియో దాని భావము. ప్రసవపు అలసట తీరకమున్నే ఆ తల్లి దోషియై నిలుచును. బిడ్డ బడికి వచ్చు నాటికి ఆ నింద బిడ్డకును సంక్రమించును. కావున ఈ విషయమును గూర్చి వల్లూరు తల్లిదండ్రులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ముందుగా కారణమును విచారింతము. గర్భమునందు శిశువు పెదవి నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపలను, అంగిలి ఆరవ వారము మొదలు తొమ్మిదవ వారము లోపలను ఏర్పడును. ఇరుప్రక్కలనుండి పెరిగి వచ్చు భాగములు నడుమ కలిసికొనవలెను. కలియనిచో చీలిక మిగులును. అప్పటికి పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమను సంగతియే నిశ్చయముగ తెలియదు. వంశగుణము, పొగాకు, కొన్ని మందులు, తల్లికి గల మధుమేహము ఇందుకు తోడ్పడవచ్చునని వైద్యులు చెప్పుదురు. కాని గ్రహణమునకు దీనితో నేమియు సంబంధము లేదు. గ్రహణము కనబడని దేశములలోను, కనబడని సంవత్సరములలోను ఇట్టి శిశువులు పుట్టుచునే యున్నారు. ప్రపంచమున సుమారు 700 మంది శిశువులలో ఒకరికి ఈ చీలిక యుండును.

అంగిలి చీలిన శిశువు చన్ను కుడువజాలదు. పాలు ముక్కునుండి వచ్చును. అట్టి బిడ్డను తలయెత్తి పట్టుకొని, పిండిన తల్లిపాలను చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొంచెము కొంచెముగా పోయవలెను. పెదవికి సాధారణముగ మూడు మొదలు ఆరు నెలల ప్రాయమునను, అంగిలికి తొమ్మిది మొదలు పదునెనిమిది నెలల ప్రాయమునను శస్త్రచికిత్స చేయుదురు. 1999లో స్థాపింపబడిన స్మైల్ ట్రెయిన్ సంస్థ సహాయముతో ఈ చికిత్స పలు ఆసుపత్రులలో ఉచితముగ జరుగుచున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకును పాఠశాలలకును వచ్చు వైద్య బృందములు పరిశీలించు లోపములలో ఈ చీలికయు ఒకటి. వారు వచ్చిన దినమున బిడ్డను ఇంట దాచుకొనరాదు.

చికిత్సతో సమస్తమును ముగిసినదని తలంపరాదు. అంగిలిని కుట్టిన పిదపను కొందరు బిడ్డలకు గాలి ముక్కులోనికి పోవుటచే క, ట, ప వంటి అక్షరములు స్పష్టముగ పలుకవు. ఇంట తెలుగును, కచేరీలో కన్నడమును మాట్లాడు మనకు, ఉచ్చారణను విని నవ్వువారి సంగతి తెలియనిది కాదు. మన కన్నడమును విని యొకరు నవ్విన మనకెంత నొచ్చునో, తన మాతృభాషలోనే నవ్వులపాలగు బిడ్డకు అంతకు పదింతలు నొచ్చును. అభ్యాసముచే ఈ పలుకును చాలవరకు దిద్దవచ్చును. మైసూరులో 1966లో నెలకొనిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయందు ఇట్టి బిడ్డలకు మాట నేర్పు నిపుణులు కలరు. వారు నేర్పినదానిని ప్రతిదినమును ఇంట సాధన చేయించుట తల్లిదండ్రుల పని.

పలుకు దిద్దుకొన్నను పెదవిపై గీత నిలుచును. కాలిన మచ్చ, పెద్ద పుట్టుమచ్చ, బొల్లి కూడ ఇట్లే ముఖమును విడువక నిలుచునవి. మన తాలూకాలో ఇట్టిదే మఱియొకటి కలదు. ఇచ్చటి బోరుబావుల నీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్న సంగతి అందరెరిగినదే. భారతదేశమున ఈ వ్యాధి 1937లో నెల్లూరు మండలమున గుర్తింపబడినది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని, చిగుళ్ళలో పండ్లు రూపొందు వయస్సున, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపల, త్రాగుచు వచ్చిన పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు ఏర్పడును. అవి అశుభ్రతచే వచ్చినవి కావు; ఎంత తోమినను పోవు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. ఊరిలో తోటివారి పండ్లును అట్లే యుండుటచే ఆ బిడ్డ నిస్సంకోచముగ నవ్వును. పట్టణమున కళాశాలలో చేరిన నాడు నోటికి చేయి అడ్డము వచ్చును. పండ్లు మారలేదు; తోడు మారినది. బాధలో పెద్దపాలు మచ్చలో లేదు, ఒంటరితనములో ఉన్నది. మొర్రి పెదవి బిడ్డకు ఆ ఒంటరితనము పుట్టిన ఊరిలోనే కలుగును.

ఈ సత్యమును చక్కగ గ్రహించినవారు 1941లో ఇంగ్లండునందలి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణమున కలరు. యుద్ధమున విమానములలో ముఖములు కాలిన యువకులకు అచ్చట ఆర్చిబాల్డ్ మెకిండో అను వైద్యుడు చికిత్స చేసెను. ఆ రోగులు తమను తామే పరిహసించుకొనుచు ‘గినీ పిగ్ క్లబ్బు’ అను సంఘమును పెట్టుకొనిరి. యుద్ధాంతమునకు అందలి సభ్యులు 649 మంది. క్రొత్తగా వచ్చినవానికి ముందు వచ్చినవాడు ధైర్యము చెప్పెను. ఊరివారు వారిని తమ ఇండ్లకు పిలిచి ఆదరించిరి. అందుచే ఆ పట్టణమునకు ‘తేఱిపాఱ చూడని ఊరు’ అను పేరు వచ్చినది. మన దేశమున ఆగ్రాలో 2014లో ఆమ్లదాడికి గురియైన స్త్రీలు తామే నడుపు ఫలహారశాల ‘షీరోస్’ వెలసినది. ఒకరినొకరు చూచి వారు ముసుగు తీసి నలుగురిలో నిలిచిరి.

వల్లూరులో మనము చేయదగిన దేమి? చుట్టములు వచ్చినప్పుడు అట్టి బిడ్డను లోపలికి పంపుట మొదట మానవలెను. బడిలో ‘మొర్రివాడు’ వంటి పిలుపులను సాగనీయక, పెట్టిన పేరుతోనే పిలువవలెను. ఛాయాచిత్రములో వెనుక వరుసకును, నాటకములో తెరవెనుకకును నెట్టరాదు. అతిజాలియు బిడ్డను వేఱుచేయునదే. ‘ఏమయినది?’ అని యెవరైన అడిగినచో, ‘పుట్టుకతో వచ్చినది, చికిత్స అయినది’ అని చెప్పి ఆటలో పడుటను ఇంటనే అలవాటు చేయవలెను.

అన్నిటికన్న ముఖ్యము, అట్టి ముఖముతోనే చదువుకొని, పని చేసికొనుచు, సంసారము నడుపుచున్న పెద్దవారి తోడు. తల్లిదండ్రులు చెప్పలేని ధైర్యమును వారు ఊరక ఎదుట కూర్చుండి కలిగింపగలరు. చికిత్స జరిగిన ఆసుపత్రిలో అడిగినచో, ముందు వచ్చిన కుటుంబములతో పరిచయము చేయించుమని కోరవచ్చును. ఆ కలయిక తల్లిదండ్రుల సమక్షముననే జరుగుట మేలు.

మన చుట్టుపట్ల ఊళ్ళలో ఇట్టి పెద్దలున్నచో వారికి మా విన్నపమిది: ఒక శనివారము తీరిక చేసికొని మన బడికి రండు. ఉపన్యాసమక్కరలేదు. పిల్లలతో కొంతసేపు కూర్చుండి, మీ పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పిన చాలును.