గాలి పోయినా నడిచే టైరు: మేలెంత? కీడెంత?

అర్ధరాత్రి వేళ, ఊరికి దూరంగా, పిల్లాపాపలతో ప్రయాణం. అంతలో కారు టైరులో మేకు దిగితే ఆ కుటుంబం గతేమిటి? ఈ బెడదకు విరుగుడుగా వచ్చినవే ‘రన్ ఫ్లాట్’ టైర్లు.

వీటి పక్క గోడలను దట్టమైన రబ్బరుతో దృఢంగా తయారు చేస్తారు. గాలి పూర్తిగా పోయినా కారు బరువును ఆ గోడలే మోస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, సాధారణంగా మరో 80 కిలోమీటర్ల దూరం వెళ్లవచ్చు. చీకట్లో జాకీ పెట్టే అవస్థ ఉండదు. వేగంలో గాలి పోయినా బండి అదుపు తప్పే ప్రమాదం తక్కువ. మినీ కూపర్ వంటి ఖరీదైన చిన్న కార్లకు వీటిని అమర్చారు.

అయితే ఇబ్బందులూ లేకపోలేదు. గోడలు గట్టిగా ఉన్నందున గతుకుల రోడ్డుపై కుదుపులు ఎక్కువ. బరువు, ధర రెండూ అధికమే. గాలి లేకుండా నడిపిన టైరుకు పంక్చరు వేయించవద్దని, కొత్తది మార్చాలని తయారీదారులు పలువురు చెబుతారు. అది పల్లెటూరి పంక్చరు షాపులో దొరికే సరుకు కాదు. గాలి పోయిన సంగతి చూపుకు తెలియదు గనుక, దాన్ని సూచించే పరికరం కారులో ఉండి తీరాలి. గోతిలో పడి పక్క గోడే చిరిగితే ఈ టైరూ ఆదుకోలేదు. పైగా ఇవి ఉన్న కార్లు చాలావాటిలో స్టెప్నీ ఉండదు.

పట్టణాల మధ్య హైవేపై తిరిగేవారికి ఇవి అక్కరకు రావచ్చు. మారుమూల గ్రామాలవారికి మాత్రం మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు, డిక్కీలో గాలి నిండుగా ఉన్న స్టెప్నీయే క్షేమం. ఆ స్టెప్నీలో గాలి ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందే చూసుకోవాలి.