బోర్డు వాళ్లది, కిరాయి మనది

పరిగి బస్టాండు నుంచి నాలుగడుగులు వేస్తే హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు. కొడంగల్ బస్సులు, వికారాబాద్ బస్సులు, మహబూబ్‌నగర్ వైపు పోయేవి అన్నీ ఇక్కడ ఆగాల్సిందే. పరిగి ఉన్న వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది, 2018లో పరిగి మున్సిపాలిటీ అయింది. ఇలాంటి ఊళ్లలో ఇప్పుడు పాత కిరాణాల పక్కనే కొత్త షట్టర్లు లేస్తున్నాయి. వాటి మీద ఊరి పేరు, తండ్రి పేరు బదులు టీవీలో కనిపించే పేర్లు వేలాడుతున్నాయి. టీ, ఐస్‌క్రీమ్, మందులు, కళ్లద్దాలు, చిన్నపిల్లల బడి... దేనికైనా ఫ్రాంచైజీ ఉంది.

పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. పేరు, సరుకు, పని నేర్పడం కంపెనీ వంతు. షట్టరు, కరెంటు బిల్లు, పనివాళ్ల జీతం, నష్టం మన వంతు. అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ 1850లలోనే ఏరియాల వారీగా అమ్మకం హక్కులు ఇచ్చింది. మన దగ్గర టీ టైమ్ దుకాణాలు ఈ దారిలోనే ఊరూరా విస్తరించాయి. ఆ సంస్థ వ్యవస్థాపకుడు తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ 2024లో కాకినాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. అంత దూరం ఎందుకు, ధ్రువపత్రాల కోసం మనం వెళ్లే మీసేవ కేంద్రం కూడా ఇలాంటిదే. పేరు ప్రభుత్వానిది, కుర్చీ, కంప్యూటర్ నడిపేవారివి, సంపాదన ఒక్కో పనికి వచ్చే కమీషన్.

లెక్క దగ్గరగా చూడాలంటే అమూల్ మంచి ఉదాహరణ. తన షరతులను బహిరంగంగా ప్రకటించే సంస్థ అది. చిన్న దుకాణానికి వంద, నూటయాభై చదరపు అడుగులు చాలంటుంది. పెట్టుబడి సుమారు 2 లక్షలు, అందులో 25 వేలు తిరిగిరాని బ్రాండ్ సెక్యూరిటీ. పేరు వాడుకున్నందుకు కట్టే రాయల్టీ లేదు. ఎమ్మార్పీ మీద దుకాణదారుకు మిగిలేది పాల ప్యాకెట్‌కు 2.5 శాతం, వెన్న, నెయ్యి లాంటి వాటికి 10 శాతం, ఐస్‌క్రీమ్‌కు 20 శాతం.

ఇప్పుడు దాన్ని షట్టరు కిందికి తెద్దాం. 30 రూపాయల పాల ప్యాకెట్ అమ్మితే చేతికొచ్చేది 75 పైసలు. కిరాయి నెలకు 8 వేలు అనుకుంటే, పాలతోనే అది కట్టాలంటే రోజుకు 356 ప్యాకెట్లు పోవాలి. అదే 50 రూపాయల ఐస్‌క్రీమ్ కప్పుకు 10 రూపాయలు మిగులుతుంది, రోజుకు 27 కప్పులతో కిరాయి తీరుతుంది. ఏప్రిల్‌లో అది పెద్ద పని కాదు. ముసురు పట్టిన జులైలో బస్టాండు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఆ 27 చాలా పెద్ద సంఖ్య. ఫ్రీజర్ అప్పుడూ నడవాల్సిందే, మీటర్ అప్పుడూ తిరగాల్సిందే.

పరిగి, తాండూరు ప్రాంతాల్లో బ్రాండు కొనేవాళ్లు అన్నింటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఇక్కడ డబ్బు నెలనెలా ఒకేలా తిరగదు. పత్తి, కంది చేతికొచ్చాక అంగడి నిండుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది ఈ నేలలోనే. తాండూరు బండల పాలిషింగ్ యూనిట్లు జోరుగా నడిస్తే కూలీల చేతుల్లో డబ్బు ఆడుతుంది, పని తగ్గితే ఆగుతుంది. కంపెనీ ఒప్పందానికి ఈ కాలాలు తెలియవు. చాలా బ్రాండ్లు రాయల్టీని లాభం మీద కాకుండా అమ్మకం మీద తీసుకుంటాయి. నెలకు 2 లక్షల అమ్మకం, 6 శాతం రాయల్టీ అనుకోండి. 12 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 14,160 రూపాయలు పోతాయి. ఆ నెల నష్టమొచ్చినా సరే.

మందుల దుకాణం వేరే రకం. జన ఔషధి కేంద్రానికి 120 చదరపు అడుగుల స్థలం, ఫార్మసీ చదివిన మనిషి, డ్రగ్ లైసెన్స్ ఉండాలి. 20 శాతం మార్జిన్ ఉంటుంది. పంటతో సంబంధం లేకుండా బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా కొనేవాళ్లు ఉంటారు కాబట్టి, చదువుకున్న అర్హత ఇంట్లోనే ఉంటే చిన్న ఊరికి ఇది నిలకడైన బేరమనే చెప్పాలి.

ఇక కాగితాల సంగతి. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవారు, కొనేవారికయ్యే ఖర్చులు, తమ కోర్టు కేసుల వివరాలతో ఒక పత్రాన్ని సంతకానికి 14 రోజుల ముందే ఇవ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీకంటూ విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం లాంటివే దిక్కు. అంటే ఒప్పందంలో ఏం రాశారో అదే మన రక్షణ, రాయనిది అడిగే అవకాశం తక్కువ. 2017లో మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలోని తన భాగస్వామికి 169 దుకాణాల లైసెన్స్ రద్దు చేసింది. 2019లో రాజీ కుదిరేదాకా ఆ తగాదా నడిచింది. అంతటివారికే అలా అయితే, ఎకరం అమ్మిన డబ్బుతో వచ్చిన పరిగి యువకుడు ఎంత జాగ్రత్తగా చదవాలి! ఊళ్లో ఇంకో దుకాణం ఇవ్వబోమని రాశారా? అయిదేళ్ల తర్వాత గడువు పెంచడానికి మళ్లీ ఫీజా? మధ్యలో మానుకుంటే డిపాజిట్, ఫ్రీజర్ ఎవరివి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీదే ఉండాలి. వకీలుకిచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు.

పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు తెరిచి, రిజిస్ట్రేషన్ ఫీజు పంపమని ఫోన్లు చేసే ముఠాలు కూడా ఉన్నాయి. మనిషి రాకుండా, స్థలం చూడకుండా ముందు డబ్బు అడిగారంటే అనుమానించాల్సిందే. పొరపాటున పంపితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డబ్బు కట్టే ముందు ఒక రోజు సెలవు పెట్టుకుని, అదే బ్రాండు దుకాణం వికారాబాద్‌లోనో తాండూరులోనో ఉంటే అక్కడికి వెళ్లడం మంచిది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఎదురుగా నిలబడి ఎన్ని బిల్లులు కొట్టారో లెక్కపెట్టాలి. రాత్రి షట్టరు సగం దించి గల్లా లెక్కేసుకునే వేళకు మళ్లీ వెళ్లి, ఆ యజమానిని పక్కన కూర్చుని అడగాలి: ‘అన్నా, మీకు పెట్టుబడి తిరిగొచ్చిందా?’