పసుపు మరక ఎందుకు ఎర్రబడింది?

మీ చీర మీద పప్పో కూరో ఒలికింది. పసుపు మరక పడింది. సబ్బు పెట్టి రుద్దారు. మరక పోలేదు సరికదా, ఎర్రగా అయింది. బాగా జాడించాక మళ్ళీ పచ్చబడింది. ఇది మనందరికీ అనుభవమే.

పెళ్ళికి పారాణి ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తాం. పసుపు కాస్తా ఎర్రగా అవుతుంది. పారాణిలో వచ్చే ఎరుపు, చీర మీద వచ్చిన ఎరుపు రెండూ ఒకటే. సున్నానికీ సబ్బుకీ ఒకే గుణం ఉంది. ఆ గుణం ఉన్నవాటిని సైన్సులో క్షారాలు అంటారు. నిమ్మకాయ, చింతపండు, పెరుగు పుల్లగా ఉంటాయి కదా. ఆ పులుపునిచ్చేవి ఆమ్లాలు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండండి. మళ్ళీ పచ్చబడుతుంది.

మీ పిల్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చదివే సైన్సు ఇదే. పాఠం పేరు ఆమ్లాలు, క్షారాలు. పేరు వింటే భయం వేస్తుంది. లోపల ఉన్నది మన వంటింటి పసుపే.

ఈ పాఠం రెండు రకాలుగా చెప్పవచ్చు. ఒక రకం మనకు తెలిసిందే. మాస్టారు పుస్తకం చదువుతాడు. బోర్డు మీద ప్రశ్న రాస్తాడు, జవాబు రాస్తాడు. పిల్లలు ఎక్కించుకుంటారు. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుని బట్టీ పడతారు. పరీక్ష అయిపోతుంది, జవాబు మరిచిపోతారు. పసుపు పాఠం నూటికి నూరు మార్కులతో పాసైన పిల్ల కూడా చీర మీద మరక చూసి "ఏమో, ఎందుకు ఎర్రబడిందో" అంటుంది.

రెండో రకం ఎలా ఉంటుందో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా బడులు చూపించాయి. నర్మదా నది ఒడ్డు జిల్లా అది. ఇప్పుడు దాన్ని నర్మదాపురం అంటున్నారు. 1972లో అక్కడ 16 బడుల్లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ప్రభుత్వం అనుమతితో దాన్ని మొదలుపెట్టాయి. బొంబాయి నుంచి, ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆ పల్లెటూళ్ళకు వచ్చి సాయం చేశారు. 1978 నాటికి జిల్లాలోని మాధ్యమిక బడులన్నింటిలో ఇదే పద్ధతి వచ్చింది. 1982లో ఏకలవ్య అనే సంస్థ పుట్టి ఈ పనిని ముందుకు నడిపింది.

అక్కడ సైన్సు మాస్టారు పాఠం ఎలా చెప్పేవాడు?

ముందు పిల్లల్ని నలుగురు నలుగురుగా కూర్చోబెడతాడు. ఒక్కో జట్టుకు సామాన్లు ఇస్తాడు. పుస్తకం ఉంటుంది. కానీ అందులో జవాబులు ఉండవు. "ఇలా చెయ్యి, ఏం కనిపించిందో రాయి, ఎందుకు అయిందో ఆలోచించు" అని ఉంటుంది. ఆ పుస్తకం పేరు బాల్ వైజ్ఞానిక్. అంటే చిన్నారి శాస్త్రవేత్త.

సామాన్లంటే ఖరీదైన గాజు సీసాలు అనుకోకండి. పువ్వును విప్పి లోపల చూడాలంటే పట్నంలో పెద్ద కాలేజీలో ఇనుప సూది కావాలంటారు. ఇక్కడ తుమ్మముల్లు చాలు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కలిపి త్రికోణాలు, చతురస్రాలు, ఇల్లు బొమ్మలు చేసేవారు. ఈ అగ్గిపుల్లల ఆటను కనిపెట్టినాయన అరవింద్ గుప్తా. పెద్ద ఇంజనీరు. 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి హోషంగాబాద్ వచ్చాడు. వారపు సంతలో దొరికే వస్తువులతో సైన్సు నేర్పవచ్చని చూపించాడు.

ఒక పాఠం సంగతి చూద్దాం. కొలతల పాఠం. మాస్టారు బల్ల పొడవు కొలవమంటాడు. పది మంది కొలిస్తే కొలత పది రకాలుగా వస్తుంది. ఒకరికి కాస్త ఎక్కువ, ఒకరికి కాస్త తక్కువ. మామూలు బడిలో అయితే "తప్పు, మళ్ళీ కొలువు" అని ఒకటి మొట్టుతారు. ఇక్కడ మాస్టారు పది కొలతలూ బోర్డు మీద రాస్తాడు. "ఎందుకు తేడా వచ్చింది?" అని అడుగుతాడు. ఒకడు స్కేలు వంకరగా పెట్టాడు. ఒకామె ఒకటి దగ్గర నుంచి లెక్క మొదలుపెట్టింది, సున్నా దగ్గర నుంచి కాదు. పిల్లలే కనిపెడతారు. జాగ్రత్తగా కొలిచినా చిన్న తేడా మిగులుతుందని కూడా వాళ్ళకే తెలుస్తుంది. పూలు మూర లెక్కన కొనే మనకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు. అమ్మే ఆమె మూర ఎప్పుడూ కాస్త పొట్టిదే.

ఇంకొకటి గింజల పాఠం. "మొలకెత్తడానికి మట్టి కావాలా?" అని అడిగితే చాలామంది పిల్లలు కావాలి అంటారు. పెసలు నానబెట్టి గుడ్డలో మూట కట్టే అమ్మను అడిగితే అక్కర్లేదు అంటుంది. మాస్టారు అవును అనడు, కాదు అనడు. మూడు గిన్నెలు పెట్టిస్తాడు. ఒకదాంట్లో పొడి గింజలు. ఒకదాంట్లో తడిగుడ్డలో గింజలు. ఒకదాంట్లో నీళ్ళలో పూర్తిగా మునిగిన గింజలు. రోజూ చూసి రాయమంటాడు. పొడివి అలాగే ఉంటాయి. తడిగుడ్డలోవి మొలకెత్తుతాయి. మునిగినవి చాలావరకు కుళ్ళి వాసన కొడతాయి, ఎందుకంటే వాటికి గాలి చాలలేదు. వరదకు చేలో విత్తనం ఎందుకు మురిగిపోతుందో రైతుకూలి ఇంటి పిల్లకు ఇక వేరే చెప్పాలా?

ఇలా చెప్పడం మాస్టారుకు తేలిక కాదు. పిల్లలు ప్రశ్నలు వేస్తారు. కొన్నిటికి జవాబు ఆయనకూ తెలియదు. "నాకూ తెలియదు, కలిసి చూద్దాం" అనడానికి మాస్టారుకు ధైర్యం కావాలి. అందుకే వేసవి సెలవుల్లో మూడు వారాలు మాస్టార్లకు శిక్షణ పెట్టేవారు. అక్కడ మాస్టార్లే పిల్లల్లాగా కూర్చుని ప్రయోగాలు చేసేవారు. తర్వాత నెలకోసారి కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. పిల్లల ప్రశ్నలకు సవాలీరామ్ అని ఒక పేరు పెట్టారు. సవాల్ అంటే హిందీలో ప్రశ్న. పిల్లలు సవాలీరామ్‌కు ఉత్తరాలు రాసేవారు. ఏకలవ్య వాళ్ళు ఆ పేరుతో జవాబులు రాసేవారు.

పరీక్షకు పుస్తకం తీసుకుపోవచ్చు! కాపీ అనరు. ఎందుకంటే చూసి రాసే జవాబు పుస్తకంలో లేదు. ప్రయోగం కూడా చేసి చూపించాలి.

అందరూ మెచ్చుకున్నారా? లేదు. "మా వాడు బడి నుంచి రాళ్ళూ ఆకులూ తెస్తున్నాడు, నోట్సు తేవడం లేదు" అని తల్లిదండ్రులు బెంగపడ్డారు. పై తరగతుల్లో మళ్ళీ బట్టీయే కదా, అక్కడ వెనకబడతారేమోనన్న భయం కొట్టిపారేయాల్సింది కాదు. పేదింటి తల్లికి బిడ్డ చదువు ఒక్కటే ఆస్తి. చివరకు 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ పద్ధతిని ఆపేసింది. ముప్పై ఏళ్ళ పని ఒక ఉత్తర్వుతో ఆగింది. తల్లిదండ్రులకు ముందే బాగా వివరించి చెప్పి ఉంటే బాగుండేదేమో.

అయినా ఆ ఆలోచన పోలేదు. 2006 నుంచి దేశం మొత్తానికి వచ్చిన సైన్సు పుస్తకాల్లో చేసి చూసే పనులు చాలా చేరాయి. మన తెలుగు సైన్సు పుస్తకం తెరిచి చూడండి. "కృత్యం" అనే మాట కనిపిస్తుంది. కృత్యం అంటే చేసి చూడవలసిన పని. మీకిప్పుడు చదవడం వచ్చు. కూడబలుక్కుని అయినా ఒక కృత్యం చదవండి. ఆ తర్వాత మీ అమ్మాయిని అడగండి: "ఇది బడిలో చేశారా, లేక చదివి వదిలేశారా?"

చదివి వదిలేశారంటే మీరు అడగవచ్చు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే. మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. మాస్టారును నిలదీసినట్టు కాదు. "తుమ్మముళ్ళు, గింజలు, పాత సీసాలు మేం తెచ్చిస్తాం, చేయించండి మాస్టారూ" అంటే ఆయనకూ బలం వస్తుంది.

ఇంట్లో కూడా చేయించవచ్చు. తెల్లకాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టండి. పట్టీలుగా కత్తిరించండి. ఒకదాని మీద సబ్బునీళ్ళు, ఒకదాని మీద చింతపండు పులుసు, ఒకదాని మీద ఉప్పునీళ్ళు, ఒకదాని మీద వంటసోడా నీళ్ళు ఒక్కొక్క చుక్క వేయమనండి. సున్నం అయితే మీరే వేయండి, పిల్లల కంట్లో పడితే ప్రమాదం. ఏది ఎర్రబడింది, ఏది పచ్చగానే ఉంది, పిల్లనే రాయమనండి. కుంకుడుకాయ రసం కూడా ఒక చుక్క వేయించండి. అది సబ్బులాగే నురగ కడుతుంది. మరి సబ్బులాగే ఎర్రబరుస్తుందా? ముందు ఊహించి చెప్పమనండి. తర్వాత చుక్క వేయమనండి.