వీవీప్యాట్‌లో చీటీ ఇరుక్కుంటే ఓటు పోయినట్టేనా?

పోలింగ్ రోజు "మిషన్ ఆగిపోయిందంట" అన్న మాట ఊళ్లో పాకితే చాలు, పెద్దవయసు వాళ్లు, కూలికి పోవాల్సిన వాళ్లు లైను వదిలేసి ఇంటిదారి పడతారు. 2019 ఏప్రిల్ 11న గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో యంత్రాలు మొరాయించిన చోట్ల పోలింగ్ రాత్రిదాకా సాగింది. అప్పుడు పుట్టిన భయాలు ఇంకా పోలేదు.

అపోహ: కాగితం ఇరుక్కుంటే అప్పటిదాకా పడ్డ ఓట్లన్నీ గల్లంతే.

వాస్తవం: ఓట్లు నిలవుండేది పోలింగ్ సిబ్బంది దగ్గరుండే కంట్రోల్ యూనిట్‌లో. ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్నొక్కదాన్నే మారుస్తారు. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయిగేటులో యంత్రాన్ని నేలకేసి కొట్టినా డేటా భద్రంగానే ఉందని అధికారులు తేల్చారు. రీపోలింగ్ అవసరం పడలేదు.

అపోహ: చీటీ తెగకుండా వేలాడుతుంటే ఓ దెబ్బ తట్టి పెట్టెలో పడేస్తే సరి.

వాస్తవం: పొరపాటున కూడా ఆ పని చేయకూడదు. చీటీ తెగి పెట్టెలో పడలేదంటే ఆ ఓటు కంట్రోల్ యూనిట్‌లో నమోదు కానట్టే. బలవంతంగా పడేస్తే రేపు చీటీలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఎక్కువ తేలుతుంది, లేనిపోని అనుమానాలకు తావిస్తుంది. దాన్ని అలాగే వదిలేసి, ప్రిసైడింగ్ అధికారి తన డైరీలో సంగతి రాసి, వేరే వీవీప్యాట్ పెట్టించి, అదే ఓటరుతో మళ్లీ ఓటు వేయించాలి. బూత్‌లో కూర్చునే ఏజెంట్లు ఈ ఒక్క నియమం గట్టిగా గుర్తుపెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

అపోహ: మన ఎండలకే ఇవి ఆగిపోతున్నాయి.

వాస్తవం: 2018 మేలో కైరానా, భండారా-గోండియా ఉప ఎన్నికల్లోనూ ఎండనే తిట్టారు. సెన్సర్ల మీద వెలుతురు ఎక్కువ పడటమూ కారణమేనని ఎన్నికల సంఘం చెప్పింది. అందుకే వీవీప్యాట్‌ను కిటికీ పక్కనా, బల్బు కిందా పెట్టకూడదు. కాగితానికి తేమతోనూ తంటానే. 2018 నవంబరులో వాన కురిసిన న్యూయార్క్‌లో తడిసిన బ్యాలెట్లు స్కానర్లలో ఇరుక్కుని జనం గంటల తరబడి నిలబడ్డారు.

అపోహ: కరెంటు పోతే పోలింగ్ ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. అన్నీ బ్యాటరీతోనే నడుస్తాయి.

అపోహ: మిషన్ బాగయ్యేసరికి టైము అయిపోతుంది, ఇంక నిలబడి లాభం లేదు.

వాస్తవం: గడువు ముగిసేసరికి లైనులో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి నంబరు వేసిన చీటీలు పంచుతారు. చీటీ చేతిలో ఉన్న ఆఖరి ఓటరు ఓటు వేసేదాకా, అర్ధరాత్రి అయినా సరే, పోలింగ్ ముగించరు.