ఆందోళనకు వాడే మందులు: అపోహలు – వాస్తవాలు

ఆందోళన, పానిక్ ఎటాక్‌లకు డాక్టర్లు రాసే మందుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు నెలల తరబడి రోజూ వేసుకోవాల్సినవి. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్ వంటి బెంజోడయజెపైన్లు సాధారణంగా కొద్ది వారాలకు మించి వాడకూడనివి. రెంటినీ ఒకే గాటన కట్టి నిద్రమాత్రలనడంతోనే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: ఈ మందులన్నీ అలవాటైపోతాయి.

వాస్తవం: ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వ్యసనంగా మారవు. ఉన్నట్టుండి మానేస్తే మాత్రం కొందరికి తల తిరుగుతుంది, చికాకు పెరుగుతుంది, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టుంటుంది. అందుకే మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. అలవాటయ్యే ప్రమాదం అసలు ఉన్నది బెంజోడయజెపైన్లతో. గంటలోపే గుండెదడ తగ్గిస్తాయి. చిక్కంతా ఆ సుఖంతోనే. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒంటికి అవి లేకుండా గడవదు. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఆల్ప్రజోలామ్, డయజెపామ్ ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఎంతోమంది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు.

అపోహ: వారం వాడినా గుణం లేదంటే మందు పనిచేయనట్టే.

వాస్తవం: ఎస్‌ఎస్‌ఆర్‌ఐ ప్రభావం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం కలగవచ్చు, ఆందోళన కాస్త పెరగవచ్చు కూడా. తక్కువ మోతాదుతో మొదలుపెట్టేది ఇందుకే. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం, ముఖ్యంగా 25 ఏళ్లలోపువారికి, ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి.

అపోహ: నెమ్మదించగానే మానేయొచ్చు.

వాస్తవం: గుణం కనిపించాక కూడా ఎస్‌ఎస్‌ఆర్‌ఐలను కనీసం 6 నెలలు, చాలామంది ఏడాది వాడాలి.

అపోహ: పక్కింటివారికి పనిచేసిన బిళ్ల మనకూ పనిచేస్తుంది.

వాస్తవం: దడ తగ్గించే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవారికి ఊపిరాడకుండా చేయగలదు. ఆల్ప్రజోలామ్ మీద మద్యం తాగినా, ట్రమడాల్ వంటి నొప్పి మాత్ర వేసుకున్నా శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు. పెద్దవయసువారు తూలిపడి తుంటి విరగ్గొట్టుకునే ముప్పు కూడా ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలతో ఉంది. ఆల్ప్రజోలామ్‌ను కఠిన నియంత్రణ ఉండే మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1లో చేర్చారు. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టర్ పేరు, ఇచ్చిన మాత్రల లెక్క మందుల షాపు రిజిస్టర్‌లో 3 ఏళ్లు ఉండాలి. పాత చీటీతో ఎన్నిసార్లయినా ఇచ్చే షాపు రోగికి మేలు చేస్తున్నట్టు కాదు.

సందేహాలుంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.