తుది పోటీని చూడబోవు సోదరీమణులకు

సోదరీమణులారా! పత్రికలవారు బాడ్మింటననియు, మన పిల్లలు షటిలనియు పిలుచు ఆటలో అంతర్జాతీయ పందెములు ఏటేట జరుగుచునే యున్నవి. వారము దినములు సాగు పందెమునకు తుది పోటీ సాధారణముగా ఆదివారమునాడు వచ్చును. ఆనాడు మగవారును పిల్లలును టెలివిజను ముందు చేరుదురు. మనమో, వంటయింటి గడపకడ నిలిచి కేకలు విని, "ఎవరు గెలిచినా"రని యడిగి మరల పొయ్యికడకు పోవుదుము. ఆడునది మన హైదరాబాదు పిల్లయే యైనప్పుడు గూడ ఇట్లు చేయుట తగునా? రాబోవు తుది పోటీని పీట వేసికొని కూర్చుండి చూచుటకు వలయు సంగతులను కొన్నిటిని ఇచట విన్నవించుచున్నాము.

ఆటస్థలము పొడవు 44 అడుగులు. ఒక్కొక్కరే యాడునప్పుడు వెడల్పు 17 అడుగులు, జంటలాడునప్పుడు 20 అడుగులు. వల నడిమి యెత్తు 5 అడుగులు. షటిలునకు 16 ఈకలుండును. దాని బరువు అర తులమునకు లోపే. ఇంత తేలికైన వస్తువును గాలి తిన్నగా పోనీయదు గనుక పెద్ద పందెములను మూసిన శాలలలోనే జరుపుదురు. పూర్వము సర్వీసు చేసినవారికే పాయింటు వచ్చెడిది. 2006లో ఆ పద్ధతి మారి, సర్వీసు ఎవరిదైనను ప్రతి ర్యాలీకిని పాయింటుండుననియు, 21 పాయింట్లకు ఒక గేమనియు, మూడింట రెండు గెలిచినవారిదే జయమనియు నియమమేర్పడెను. ఇరువురును 20 చేరినచో రెండు పాయింట్ల ఆధిక్యము సంపాదింపవలెను. మేము క్రింద చెప్పు పోటీలన్నియు ఈ నియమమునకు లోబడి జరిగినవే.

క్రొత్తగా చూచువారు షటిలును చూతురు. ఆట తెలిసినవారు పాదములను చూతురు. దెబ్బ కొట్టిన వెంటనే ఆటకత్తె నడిమి చోటికి మరలి వచ్చుచున్నదా లేదా యని గమనింపుడు. ఎదుటివారి యత్నమంతయు ఆమె నట్లు రానీయకుండుటయే. ఒకమారు వెనుక మూలకు తరిమి, మరుమారు వలకడకు పరుగెత్తింతురు. ఒక యడుగు ఆలస్యమైనచో రెండు మూడు దెబ్బలకు పిమ్మట దాని ఫలము కనబడును. పొడగరికి పైనుండి బలముగా కొట్టుటకు వీలెక్కువ. కాని శరీరమునకు సూటిగా వచ్చు షటిలును తప్పించుట ఆమెకు కష్టము. ఎడమచేతివారితో ఆడునప్పుడు అలవాటైన దిక్కులన్నియు తారుమారగును.

ఇందుకు మొదటి నిదర్శనము 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్సులో జరిగిన తుది పోటీ. హైదరాబాదున పుట్టిన పి. వి. సింధునకు ఎదురు నిలిచినది స్పెయిను దేశపు ఎడమచేతి ఆటకత్తె కరోలినా మారిన్. మొదటి గేములో 16–19తో వెనుకబడిన సింధు వరుసగా అయిదు పాయింట్లు గైకొని 21–19తో గెలిచెను. రెండవది 12–21తో పోయెను. మూడవ దానిలో 10–10 వఱకు వచ్చి, అచట పట్టు జారి 15–21తో ఓడెను. అయినను ఒలింపిక్సులో రజత పతకము పొందిన తొలి భారతీయ వనిత యామెయే.

మరుసటి యేట, అనగా 2017 ఆగస్టు 27న, గ్లాస్గోలో ప్రపంచ పోటీల తుది పోరాటము. ప్రత్యర్థి జపాను దేశపు నొజోమి ఒకుహారా. పొట్టి మనిషి, అలుపెరుగని కాళ్లు. పోటీ 110 నిమిషములు సాగెను. రెండవ గేము కడపటి పాయింటునకు షటిలు 73 పర్యాయములు వలను దాటినది. ఆ పాయింటు సింధుదే, గేమును ఆమెదే. కాని మూడవది 20–22తో చేజారెను. ఓడినవారి ఆటను గూడ లోకము నిలిచి చూచిన దినమది.

2018లో సింధు పెద్ద తుది పోటీలనేకము ఓడెను. గోల్డుకోస్టున కామన్వెల్తు క్రీడల తుది పోటీ మన నగరమందు పెరిగిన సైనా నెహ్వాల్‌తోనే జరిగెను. 21–18, 23–21తో సైనా గెలిచెను. నాంజింగున ప్రపంచ పోటీలలో మారిన్, ఆసియా క్రీడలలో తైవాను దేశపు తై జు యింగ్ ఆమె నోడించిరి. "తుదిదాక పోవును, గెలువదు" అను మాట అప్పుడు చాలమంది నోట వినబడెను. ఆడపిల్ల మొదటి తరగతిలో నిలిచినను "రెండవదాని వైతివేమి" యని యడుగు నోళ్లకు మనయిండ్లలో కొదువ లేదుగదా! ఆ డిసెంబరున సింధు గ్వాంగ్‌జౌలో ఒకుహారానే ఓడించి వరల్డుటూరు ఫైనల్సు గెలిచెను. 2019 ఆగస్టు 25న బాసెలులో ప్రపంచ పోటీల తుది దినమున మరల ఆ ఒకుహారాయే యెదురయ్యెను. మొదటి పాయింటు ఒకుహారాది. పిదప వరుసగా ఎనిమిది సింధువి. 21–7, 21–7. ముప్పది యెనిమిది నిమిషములలో పోటీ ముగిసెను. ఆనాడు తల్లి విజయగారి జన్మదినము. జయమును ఆమెకే కానుకగా నిచ్చుచున్నానని సింధు చెప్పెను. బాడ్మింటనులో ప్రపంచ విజేతయైన తొలి భారతీయురాలీమె.

ఇదే ప్రపంచ పోటీ 2009 ఆగస్టు 10 మొదలు 16 వఱకు మన నగరముననే, గచ్చిబౌలి శాలలో జరిగినది. అప్పటికి పందొమ్మిదేండ్ల సైనా క్వార్టర్ ఫైనలులో చైనా దేశపు వాంగ్ లిన్ చేత ఓడెను. స్త్రీల తుది పోటీ ఇరువురు చైనా వనితల నడుమనే జరుగగా లూ లాన్ గెలిచెను. పదేండ్లు తిరుగునప్పటికి ఆ పీఠమున మన నగరపు పిల్ల నిలిచెను. నడుమ జరిగిన పరిశ్రమ యెట్టిది? 2001లో ఆల్ ఇంగ్లండు పందెము గెలిచిన పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలో శిక్షణశాల నెలకొల్పెను. అంతకు ముందే లాల్ బహదూర్ స్టేడియమునకు సైనా తెల్లవారుజామున తండ్రి స్కూటరుపై పోయెడిది; బాలిక నిద్రకు తూలిపడునేమోయని తల్లి ఉషారాణిగారును వెంట కూర్చుండెడివారు. ఉషారాణిగారు తాము గూడ హర్యానాలో ఈ ఆట నాడినవారే. సింధు తలిదండ్రులిరువురును వాలీబాలు క్రీడాకారులు. తుది పోటీకి పునాది యిట్టి యిండ్లలో పడినది.

మా పాతబస్తీ గల్లీలలో సాయంకాలము రెండు బ్యాట్లు, ఒక షటిలు, ఇటునుండి అటు కట్టిన త్రాడు చాలును, ఆట సాగును. మోటారుబండి వచ్చినప్పుడెల్ల త్రాడు దింపుదురు. ఎనిమిది తొమ్మిదేండ్ల బాలికలు అన్నలతో సమముగా ఆడుదురు. పండ్రెండవ యేడు దాటగానే వారు గల్లీలో కనబడరు. బ్యాటు అటుక మీదికి పోవును. అన్న మాత్రము ఆడుచునే యుండును. దండి మహాకవి దశకుమారచరిత్రమున కందుకావతి యను రాజపుత్రి కలదు. ఏడవయేట మొదలు వివాహమగు వఱకు నెలనెల కృత్తికా నక్షత్రమునాడు లోకులందరు చూచుచుండగా ఆమె బంతియాడవలెనని దేవి యానతి. ఆ కథలో పెండ్లివఱకైన ఆట కనుమతి కలదు. మనము పండ్రెండేండ్లకే నిలుపుచున్నాము. కారణములు లేకపోలేదు. గల్లీ యిరుకు, చీకటి భయము, చూచువారి మాటలు, శాలలు దూరము, రుసుము భారము. వీనిలో కొన్ని మనచేత కానివి. కాని మేడమీద ఒక గంట యాడుకొనుటకు విడుచుట, సెలవులలో వెంటబెట్టుకొని శాలకు తీసికొనిపోవుట, ఓడివచ్చిన నాడు దెప్పకుండుట మనచేతిలోనివే.

సోదరీమణులారా! రాబోవు ఆదివారపు వంటను ముందుగనే ముగించుకొనుడు. కూతునో కోడలినో ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడు. ఒకరికి 11 పాయింట్లు రాగానే ఒక నిమిషము విరామమిత్తురు. అప్పుడు ఎవరు రొప్పుచున్నారో, ఎవరు నిబ్బరముగా నీరు త్రాగుచున్నారో చూచి, తుది ఫలమెట్లుండునో మీరిరువురును పందెము వేసికొనుడు. ఆట ముగియగానే "నేనును ఆడుదునా?" అని పిల్ల అడిగినచో, జవాబు సిద్ధముగా నుంచుకొనుడు.