ఏటికి ఎదురీదే ఎరువు

నీరు పల్లమెరుగు అనే మాట మీరు వినే ఉంటారు. వానలకు కొండమీది మట్టి కరిగి ఏటిలోకి, ఏటినుంచి సముద్రంలోకి పోతుంది. మట్టితోపాటు మొక్కలకు ప్రాణాధారమైన నత్రజని, భాస్వరం వంటి పోషకాలూ పోతాయి. యుగాల తరబడి ఇట్లా కొట్టుకుపోతూంటే ఎగువనున్న వాగులూ అడవులూ నిస్సారమైపోవాలి కదా! పోయిన సరుకును తిరిగి కొండమీదికి చేర్చేదెవరు?

ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఈ బరువు మోసే కూలీలలో ముఖ్యమైనది సాల్మన్ చేప.

ఇది కొండవాగులో గులకరాళ్ల నడుమ గుడ్డులోంచి పుడుతుంది. కొన్నాళ్లు అక్కడ గడిపి పసిఫిక్ మహాసముద్రం చేరుతుంది. అక్కడ చిన్న చేపలనూ, రొయ్యలవంటి జీవులనూ తిని బలుస్తుంది. పెద్ద సాల్మన్ బరువులో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రంలో సంపాదించుకున్నదే! ఈడు వచ్చాక తాను పుట్టిన వాగును వెతుక్కుంటూ ఏటికి ఎదురీదుతుంది. సముద్రంలోని విలస గోదావరి ఎర్రనీటికి ఎదురీది పులస కావడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇదీ అట్లాంటి ప్రయాణమే. అయితే పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోగలదు. పసిఫిక్ సాల్మన్ పోదు. నదిలో ప్రవేశించింది మొదలు ఆహారం ముట్టక, ఒంట్లోని కొవ్వునూ కండనూ కరిగించుకుంటూ ఈదుతుంది. గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతుంది.

చచ్చిన చేప ఏమవుతుంది?

మూడు కిలోల సాల్మన్ శరీరంలో సుమారు 90 గ్రాముల నత్రజని, 10 గ్రాముల భాస్వరం ఉంటాయి. కళేబరం కుళ్లుతూంటే ఇవి నీటిలో కలుస్తాయి. వాటితో రాళ్లమీద శైవలాలు పెరుగుతాయి. శైవలాలను నీటిపురుగులు, పురుగులను చేపపిల్లలు తింటాయి. కొన్ని పిల్లలు కళేబరాలనే కొరుక్కుతింటాయి. అంటే తల్లితరం శరీరాలే పిల్లతరానికి అన్నమన్నమాట!

ఈ పోషకాలు గట్టు కూడా ఎక్కుతాయి. ఎలుగుబంట్లు చేపలను పట్టి అడవిలోకి ఈడ్చుకుపోతాయి. దండిగా దొరికే రోజుల్లో కొవ్వున్న భాగాలూ గుడ్లూ మాత్రం తిని తక్కినది వదిలేస్తాయి. అది ఈగలకూ, పక్షులకూ, చివరకు చెట్ల వేళ్లకూ అందుతుంది. ఎలుగుల మూత్రం ద్వారా కూడా నత్రజని నేలకు చేరుతుంది.

“ఆకులోని నత్రజని సముద్రంనుంచి వచ్చిందని ఎట్లా చెప్పగలరు?” అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. నత్రజని పరమాణువుల్లో చాలావాటి ద్రవ్యరాశి సంఖ్య 14. ఏ కొద్దివాటికో 15. సముద్రంలో పెరిగిన సాల్మన్‌లో ఈ రెండోరకం పాలు కాస్త హెచ్చు. అదే గుర్తు. హెల్ఫీల్డ్, నైమన్ అనే శాస్త్రజ్ఞులు అలాస్కాలో సాల్మన్ వాగుల పక్కనున్న చెట్ల, పొదల ఆకులను పరీక్షించారు. వాటి నత్రజనిలో సుమారు 22 నుంచి 24 శాతం సాల్మన్ తెచ్చినదేనని 2001లో ప్రకటించారు. ఆ చెట్లు వాగుకు నీడనిస్తాయి. కూలిన మానులు నీటికి అడ్డుపడి, చేపపిల్లలు తలదాచుకునే మడుగులను ఏర్పరుస్తాయి.

దారి మూసుకుపోతే?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నదిమీద 1913లో ఒకటి, 1927లో మరొకటి ఆనకట్టలు పూర్తయ్యాయి. చేపలు పైకెక్కే మార్గం రెండింటికీ లేదు. ఎగువ నది దాదాపు వందేళ్లు ఈ ఎరువుకు నోచుకోలేదు. 2011లో మొదలుపెట్టి 2014 నాటికి రెండింటినీ తొలగించారు. సాల్మన్ తిరిగి పైకి వచ్చింది. నీటిలో మునిగి పురుగులనేరుకునే డిప్పర్ అనే చిన్న పిట్ట రక్తంలో సముద్రపు గుర్తు త్వరలోనే కనిపించింది!

అలాస్కాలోని బ్రిస్టల్ అఖాతంలో కలిసే నదుల ఒడ్డున మంచెలెక్కి, ఎగువకు పోయే సాల్మన్‌లను లెక్కపెడతారు. చాలినన్ని పైకి పోయేటట్లు వేటను అదుపులో ఉంచుతారు. వలకు చిక్కకుండా పోయిన చేప నష్టమని మీకు తోచవచ్చు. కాని రాబోయే పంటకు విత్తనమూ అదే, ఎరువూ అదే.